మిరపకాయయు, మారెడు చట్టములును

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు మిరప యార్డునకు పోయినచో టిక్కీలు గుట్టలుగా కనబడును. వర్తకులు రంగు చూచి, కాయ విఱిచి, ఘాటు పరీక్షించి వెల కట్టుదురు. చిరకాలము ఈ వ్యాపారమునకు కన్నును, ముక్కును, చేతివ్రేళ్ళును చాలినవి.

2003వ సంవత్సరమున ఆ నమ్మకమునకు దెబ్బ తగిలెను. మన దేశమునుండి పోయిన మిరప సరకులో సూడాన్-1 అను రంగు ఫ్రాన్సులో బయటపడెను. అది నూనెలకు, మైనములకు వేయు రంగు, తినదగినది కాదు. వెలిసిన కారమునకు ఎఱుపు తెచ్చుటకై దురాశాపరులు దానిని కలుపుదురు. ఆ జూన్ నెలలోనే, పరీక్షాపత్రము లేని మిరప సరకును దిగనీయరాదని ఐరోపా సమాఖ్య శాసించెను. 2004 జనవరిలో మఱి మూడు సూడాను రంగులను అందు చేర్చెను. 2005లో బ్రిటనులో ఒక సాసునందలి కారములో ఇదే రంగు కనబడగా, నాలుగు వందలకు పైగా ఆహారపదార్థములను అంగళ్ళనుండి వెనుకకు తీసికొనిరి. రైతు పొడి కొట్టలేదు, రంగు కలుపలేదు. అయినను అనుమానము అతని కాయమీదను పడినది.

అంతట సుగంధద్రవ్యముల బోర్డు ఎగుమతి మిరపకు పరీక్షను తప్పనిసరి చేసెను. గుంటూరులోను దాని ప్రయోగశాల కలదు. ఇట్టి పరీక్షకు వాడు ముఖ్య యంత్రమును హెచ్.పి.ఎల్.సి. అందురు. కాయలనుండి తీసిన ద్రవమును, సన్నని రేణువులు కూరిన గొట్టములోనికి మిక్కిలి ఒత్తిడితో పంపుదురు. తిరునాళ్ళ రద్దీలో పిల్లలు ముందుగాను, ముదుసలులు వెనుకగాను బయటపడునట్లు, ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క వేళకు ఆవలి కొన చేరును. ఆ వేళనుబట్టి అది యేదో, ఎంత కలదో తెలియును.

రంగుకంటె బూజు విషము చిక్కైనది. కల్లములోని కాయ వానకు తడిసినను, చెమ్మతోనే బస్తాకెత్తినను అఫ్లటాక్సిన్ పుట్టవచ్చును. అందు బి-1 అనుదానికి ఐరోపావారి హద్దు కిలోకు 5 మైక్రోగ్రాములు. అనగా నూఱుకోట్ల పాళ్ళలో ఐదు పాళ్ళు! పైగా ఈ విషము బస్తా అంతట సమముగా నుండదు. కొన్ని కాయలలోనే దాగియుండును. కావున పలు బస్తాలనుండి నమూనాలు తీసి కలుపవలెను. నమూనా సరిగా తీయనిచో యంత్రము చెప్పు లెక్క యెంత సూక్ష్మమైనను వ్యర్థమే.

ఈ హద్దులు దేశమునకొక తీరు. అవియు నిలుకడగా నుండవు. ఐరోపాలో ప్రత్యేకముగ హద్దు నిర్ణయింపని పురుగుమందు కిలోకు 0.01 మిల్లీగ్రామునకు మించరాదు. ఇట్టివి వందలు, గుమాస్తా చిట్టాలో ఇమడవు. పెద్ద ఎగుమతి సంస్థలు వీనిని కంప్యూటరున కెక్కించి, హద్దు మారినప్పుడెల్ల సవరింతురు. ప్రతి లాటునకు ఒక సంఖ్య నిచ్చి, కాయ ఎవరిది, ఏ శీతల గిడ్డంగిలో నుండెను, పరీక్షలో ఏమి తేలెను అన్నియు దానికి జతపఱతురు. ఫలితము హద్దు దాటినచో ఆ లాటు ఓడ యెక్కదు.

అయితే చట్టము మారిన వార్త కంప్యూటరునకు ముందు చేరును, చేనికి చివర చేరును. చల్లిన మందును ఏ యంత్రమును వెనుకకు తీయజాలదు. అందుచే కొన్ని సంస్థలు రైతులతో ముందే ఒప్పందము చేసికొని, వాడదగిన మందులేవో, కోతకు ఎన్ని దినముల ముందు చల్లుట మానవలెనో తెలుపుచున్నవి. ఒప్పందము లేని రైతునకు ఆ సంగతి చెప్పువాడు తఱచుగా మందుల దుకాణదారుడే.