తొలకరి పచ్చికతో జాగ్రత్త

ఈసారి వానలు తీరు తప్పాయి. మే నెలాఖరున వజ్రకరూరు, ఉరవకొండ వైపు రెండు గట్టి వానలు పడ్డాయి, ఆపైన చుక్క లేదు. బీళ్లు మాత్రం పచ్చబడ్డాయి. చేలల్లో వజ్రాల వేట మొదలైన ఈ రోజుల్లోనే కొత్తగా గొర్రెలు పెట్టాలనుకునే కుర్రాళ్లు సంతల్లో బేరాలాడుతున్నారు. నా దిగులంతా వాళ్ల గురించే.

ఎండుమేత మీద బతికిన జీవం లేత పచ్చికను ఒక్కసారిగా మేస్తే పేగుల్లోని సూక్ష్మజీవి పెచ్చుమీరి విషం పుట్టిస్తుంది. అదే చిటుకు రోగం. బక్కవి కాదు, పుష్టిగా ఉన్న పిల్లలే ముందు పోతాయి. వైద్యానికి వ్యవధి ఉండదు, టీకాయే దిక్కు. టీకా పనిచేయడానికి రెండు వారాలు కావాలి, తొలిసారి వేసినవాటికి రెండు మూడు వారాల్లో బూస్టర్ తప్పదు. అందాకా ఆకలి మీద బీటికి తోలకండి. వేరుశనగ కట్టె కాస్త మేపి, మంచు ఆరాక వదలండి. వాన తప్పి వాడిన లేత జొన్నలో, కోసిన మోళ్ల పిలకల్లో నాము అనే విషం ఉంటుంది. వాటి దరికి మందను పోనీయొద్దు.

'100 గొర్రెలు, 5 పొట్టేళ్లకు రూ.10 లక్షల సబ్సిడీ' అని దళారులు ఊరిస్తున్నారు. జాతీయ పశుధన మిషన్ 2021లో మారాక ఆ పథకం ఉన్న మాట నిజమే. అయితే అది పెట్టుబడిలో సగమే, మిగతా సగం మీదో, బ్యాంకు అప్పో. మొదటి ఏడాదికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చాలు. చూలు ఐదు నెలలు, ఏడాది తిరిగేలోపు ఈతలూ చూస్తారు, ఎండాకాలపు మేత కరువూ చూస్తారు. అప్పుడు పెంచుకోండి.

ఉప్పు తినిపించి, నీళ్లు తాపి పొట్టలు నింపి అమ్మేవాళ్లున్నారు. పొట్ట చూసి మోసపోకండి, నోరు తెరిచి చూడండి. రెండు నుంచి నాలుగు పళ్లవి కొనండి. కంటి రెప్ప లోపల పాలిపోయి ఉంటే వదిలేయండి. యూట్యూబ్ చూసి డోర్పర్ పొట్టేలుకు లక్షలు పోయొద్దు, మన మెట్టల్లో తిరిగిన ఎర్ర గొర్రె చాలు. కొత్తవాటిని మూడు వారాలు వేరుగా ఉంచండి, లేకపోతే పారుడు రోగం మందంతా పాకుతుంది.

మందుల దుకాణాలకు ఎన్నిసార్లు చెప్పినా అదే పాట: నెలనెలా నట్టల మందు, లివర్ టానిక్, పిడుదులకు పిచికారీ! వానలకు ముందొకసారి, తర్వాతొకసారి పేడ పరీక్ష చేయించి, బరువును బట్టి తాపితే చాలు. అతిగా వాడితే నట్టలు మందుకు లొంగవు. కనబడని పిడుదుకు పిచికారీ ఎందుకయ్యా?



ఉన్నట్టుండి పిల్ల చస్తే కోసి పంచుకోకండి. పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసి పోస్ట్‌మార్టం చేయించండి. మిగతా మందకు ఏం చేయాలో అప్పుడే తేలుతుంది.