మూడు బుడిపెలు – మూడు కుట్లు

పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం ఉంది. అది వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. ఆ ఊరి పేరు చెబితే లేసు గుర్తుకొస్తుంది. చుట్టుపక్కల పల్లెల్లో వేలమంది ఆడవాళ్లు లేసు అల్లుతారు. చేతిలో ఒక సూది. సూది కొసన చిన్న కొక్కెం. ఒడిలో దారం ఉండ. పనిముట్లు అంతే. వాటితోనే టేబుల్ గుడ్డలు, దిండు గలీబులు, తెరలు తయారవుతాయి. దూరదేశాలకు పోతాయి.

ఈ పని 19వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చింది. క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పారు. తర్వాత తల్లి కూతురికి నేర్పింది. అత్త కోడలికి నేర్పింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరే చోట చేసిన సరుకును ఆ పేరుతో అమ్మకూడదు.

పేరు వచ్చింది. మరి కూలి? మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు నరసాపురం లేసు పనివాళ్ల గురించి ఒక పుస్తకం రాసింది. అది 1982లో అచ్చయింది. ఈ ఆడవాళ్లు రోజూ గంటల తరబడి అల్లుతారు. అయినా వ్యాపారం చేసేవాళ్లు వాళ్లను పనివాళ్లుగా చూడలేదు. ఇంట్లో తీరిక వేళ చేసే పని అనుకున్నారు. అందుకే కూలి తక్కువ ఇచ్చారు. ఆమె చెప్పిన సంగతి ఇది.

తీరిక వేళ పని అనేదానిలో ఎంత లెక్క ఉందో చూడండి. ఎంత తెలివి ఉందో చూడండి.

తిరగేసి చూస్తే తెలిసింది

ఒక ఇంట్లో అత్తాకోడళ్లు లేసు పూలు అల్లుతున్నారు అనుకుందాం. నమూనా ఒకటే. అత్త 12 పూలు అల్లింది. కోడలు 12 పూలు అల్లింది. ఒక్కో పువ్వుకు 6 బుడిపెలు. ఇక అతుకుపని మొదలుపెట్టాలి. పూలన్నీ పక్కపక్కన పరిచారు. ఎక్కడో తేడాగా ఉంది.

“అత్తయ్యగారూ, రెండూ ఒకలాగే ఉన్నాయి కదండీ?” అంది కోడలు.

“పైపైన చూస్తే అలాగే ఉంటాయమ్మా. తిరగేసి చూడు.”

కోడలు తిరగేసింది. తన పువ్వు బుడిపె వెనక గుంట ఉంది. అత్త పువ్వుకు గుంట లేదు.

“నేను 5 కుట్లూ పూర్తిగా వేసి, చివర కలిపానండీ.”

“నేను ఒక్కో కుట్టు సగంలో ఆపి, 5 అయ్యాక ఒకేసారి లాగాను. మరి నమూనా ఎలా ఉందో?”

నమూనా తిరగేశారు. వెనక గుంట ఉంది. కోడలి పనే సరైనది.

“30 ఏళ్లుగా అల్లుతున్నాను. చేతికి అలవాటైన కుట్టు వేసేశాను. ముందే నమూనా తిరగేయాల్సింది” అంది అత్త.

ఆమె తన 12 పూలలో బుడిపెలు విప్పి మళ్లీ వేయాలి. విప్పే పనికి ఎవరూ కూలి ఇవ్వరు.

ముందుగా మూలం కుట్టు

డబుల్ కుట్టు తెలిస్తే బుడిపెలు సులువు. సూది మీద ఒక ఉచ్చు ఉంటుంది. దారాన్ని సూదికి ఒకసారి చుట్టాలి. సూదిని కింది వరుసలో దూర్చి దారం లాగాలి. ఇప్పుడు సూది మీద 3 ఉచ్చులు ఉంటాయి. దారం అందుకుని 2 ఉచ్చుల్లోంచి లాగాలి. 2 ఉచ్చులు మిగులుతాయి. మళ్లీ దారం అందుకుని ఆ 2 ఉచ్చుల్లోంచి లాగాలి. కుట్టు పూర్తయింది. 1 ఉచ్చు మిగిలింది.

1. పఫ్ బుడిపె

దారం చుట్టండి. సూది దూర్చండి. దారాన్ని కాస్త పొడుగ్గా లాగి వదిలేయండి. అదే చోట ఇలా 3 సార్లు చేయండి. సూది మీద 7 ఉచ్చులు ఉంటాయి. దారం అందుకుని 7 ఉచ్చుల్లోంచీ ఒకేసారి లాగండి. తర్వాత ఒక గొలుసు కుట్టు వేసి బిగించండి.

ఈ బుడిపె దూదిలా మెత్తగా ఉంటుంది.

2. బాబుల్ బుడిపె

డబుల్ కుట్టు మొదలుపెట్టండి. ఒకసారి 2 ఉచ్చుల్లోంచి లాగి ఆపేయండి. చివరి లాగుడు వద్దు. అదే చోట ఇలా 5 సార్లు చేయండి. సూది మీద 6 ఉచ్చులు ఉంటాయి. దారం అందుకుని 6 ఉచ్చుల్లోంచీ ఒకేసారి లాగండి.

ఈ బుడిపె గట్టిగా, పూమొగ్గలా ఉంటుంది. పైనా కిందా ముడుచుకుని ఉంటుంది.

3. పాప్‌కార్న్ బుడిపె

ఒకే చోట 5 డబుల్ కుట్లు పూర్తిగా వేయండి. ఉచ్చులోంచి సూది తీసేయండి. మొదటి కుట్టు తలలోకి సూదిని ముందువైపు నుంచి దూర్చండి. వదిలిన ఉచ్చును అందుకుని బయటకు లాగండి. 5 కుట్లూ గిన్నెలా ముడుచుకుంటాయి. ఒక గొలుసు కుట్టు వేసి బిగించండి.

ఈ బుడిపె మూడింటిలోకీ ఎక్కువగా పైకి లేస్తుంది. వెనక గుంట ఉంటుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. 5 డబుల్ కుట్లు ఒకే చోట వేసి, కలపకుండా వదిలేస్తే అది బుడిపె కాదు. అది విసనకర్రలా విచ్చుకుంటుంది. దాన్ని షెల్ కుట్టు అంటారు.

ఎలా గుర్తుపట్టాలి?

అల్లేటప్పుడు సూది మీద ఉచ్చులు లెక్కపెట్టండి. చివరి లాగుడుకు ముందు 7 ఉంటే పఫ్. 6 ఉంటే బాబుల్. ప్రతి కుట్టు తర్వాత 1 మాత్రమే మిగిలితే పాప్‌కార్న్. కొన్ని నమూనాల్లో కుట్ల సంఖ్య మారుతుంది. అప్పుడు ఉచ్చుల లెక్క కూడా మారుతుంది. పఫ్‌ను 4 సార్లు లాగితే 9 ఉచ్చులు వస్తాయి.

అల్లిన ముక్క చేతికి వస్తే మూడు పనులు చేయండి.

వేలితో నొక్కండి. మెత్తగా అణిగితే పఫ్.

దగ్గరగా చూడండి. దారాలు మెలిక లేకుండా నిలువుగా కనిపిస్తే పఫ్. మధ్యలో అడ్డ మెలికలు కనిపిస్తే బాబుల్ గానీ, పాప్‌కార్న్ గానీ అయివుంటుంది.

తిరగేసి చూడండి. సూది కొస పట్టేంత గుంట ఉంటే పాప్‌కార్న్. లేకపోతే బాబుల్.

బొమ్మ చదవడం

కొన్ని నమూనాలు కాగితం మీద గుర్తులతో వస్తాయి. నిలువు గీత తల మీద చిన్న అడ్డగీత ఉంటుంది. నిలువు గీత మధ్యలో ఒక వాలుగీత కూడా ఉంటే డబుల్ కుట్టు. వాలుగీతలు లేని నిలువు గీతలు 3 పైనా కిందా కలిస్తే పఫ్. వాలుగీతలున్నవి 5 పైనా కిందా కలిస్తే బాబుల్. కింద కలిసి, పైన చిన్న సున్నా ఉంటే పాప్‌కార్న్. అక్షరాలు నేర్చుకున్నవారికి ఈ గుర్తులు ఒక లెక్క కాదు.

పేరు చూసి మోసపోవద్దు

పైన చెప్పిన డబుల్ కుట్టు అమెరికా వాళ్ల పేరు. ఇంగ్లండులో దాన్నే ట్రెబుల్ అంటారు. ఇంగ్లండు వాళ్లు డబుల్ అనేది అమెరికా వాళ్లకు సింగిల్. కుట్టు ఒకటే, పేరు వేరు. కుట్టు వేరు, పేరు ఒకటే. ఇంగ్లండు కాగితాన్ని అమెరికా లెక్కలో చదివితే పువ్వు పెద్దగా వస్తుంది. అందుకే ఆర్డరు తీసుకునేటప్పుడు ఇవి అడగండి: ఈ కాగితం ఏ దేశం లెక్క? నమూనా ముక్క ఏది? అడగడం తప్పు కాదు. తప్పుగా అల్లి విప్పడమే నష్టం.

లెక్క చేద్దాం

పాప్‌కార్న్‌కు బాబుల్ కంటే దారం ఎక్కువ పడుతుంది. సూది తీసి మళ్లీ దూర్చాలి కనుక సమయమూ ఎక్కువే. ఒక్కో బుడిపెకు 3 సెంటీమీటర్ల దారం, అర నిమిషం ఎక్కువ అనుకుందాం.

24 పూలు × 6 బుడిపెలు = 144 బుడిపెలు.

144 × 3 = 432 సెంటీమీటర్లు. అంటే 4 మీటర్ల 32 సెంటీమీటర్ల దారం ఎక్కువ.

144 అర నిమిషాలు = 72 నిమిషాలు. అంటే 1 గంట 12 నిమిషాల పని ఎక్కువ.

పైకి రెండూ ఒకలాగే ఉన్నాయని ఒకే రేటు కడితే ఆ గంటా 12 నిమిషాలు ఎవరి ఖాతాలో పోయినట్టు? అల్లిన మనిషి ఖాతాలోనే. దారం తూచి ఇచ్చి, లేసు తూచి తీసుకునే చోట దారం చాలకపోతే ఆ మాట కూడా ఆమే పడాలి. కుట్టు పేరు తెలిస్తే ఆమె జవాబు చెప్పగలదు. “ఇది బాబుల్ కాదండీ, పాప్‌కార్న్. దారం ఎక్కువ పడుతుంది. రేటు వేరుగా కట్టండి.”

చేసి చూడండి

1. మూడు బుడిపెలూ ఒక్కోటి 10 చొప్పున అల్లండి. వాటిని విప్పి దారం కొలవండి. ఏ కుట్టుకు ఎంత పట్టిందో రాయండి.

2. ఒక్కో కుట్టుతో చిన్న ముక్క అల్లి నోటుబుక్కులో అతికించండి. పక్కన దాని పేరు రాయండి.

3. ప్రతి ఆర్డరుకూ ఇవి రాసుకోండి: తేదీ, పూలు ఎన్ని, ఏ కుట్టు, తీసుకున్న దారం ఎంత, పట్టిన గంటలు, వచ్చిన డబ్బు.

ఆలోచించి చెప్పండి

1. అత్త పూలకూ కోడలి పూలకూ తేడా ఎక్కడ తెలిసింది?

2. చివరి లాగుడుకు ముందు సూది మీద 6 ఉచ్చులు ఉంటే ఏ కుట్టు?

3. షెల్ కుట్టుకూ పాప్‌కార్న్‌కూ తేడా ఏమిటి?

4. మీ ఊళ్లో ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చేసే కూలి పనులు ఏమున్నాయి? ఆ పని గంటలు ఎవరైనా రాసుకుంటున్నారా? మీ సంఘంలో మాట్లాడండి.