రామదాసు ఎవరిని నిలదీశాడు?

రిసాలిలో మేముండే వీధిలో చాలా ఇళ్లు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లవే. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టడం మొదలయ్యాక, మా తాతల తరం పని వెతుక్కుంటూ వచ్చింది. మాకు తెలుగు మాట్లాడడం ఇంట్లోనే వచ్చింది. చదవడం, రాయడం ఈమధ్యే నేర్చుకున్నాం. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

శ్రీరామనవమికి ఇంటింటికీ పానకం, వడపప్పు పంచడం మా పిల్లల పని. ఒకసారి మా వీధి చివరింటి మామ్మ గ్లాసు అందుకోలేదు. ఆ ఏడాదే ఆవిడ కొడుకు జబ్బుచేసి పోయాడు. "ఇన్నేళ్లు దీపం పెట్టాను. నన్నేం చూశాడు ఆయన?" అంది. మాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఇంటికొచ్చి అడిగితే, "అలా అనకూడదు, దేవుడు పరీక్ష పెడతాడు" అన్నారు. ఆ జవాబు మాకు నచ్చలేదు. తల్లికి పరీక్ష పెట్టడానికి కొడుకు ప్రాణం తీస్తాడా?

మన ఊరికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 2018 అక్టోబర్ 9న కర్మాగారంలో కోక్ ఓవెన్ గ్యాస్ పైపు దగ్గర పేలుడు జరిగి పదిమందికి పైగా కార్మికులు చనిపోయారు. మర్నాడే శరన్నవరాత్రులు మొదలు. ఊరంతా అమ్మవారి పందిళ్లు వేస్తుంటే కొన్ని ఇళ్లలో ఏడుపులు. ఆ ఇళ్లవాళ్లు ఆ తొమ్మిది రోజులూ ఏమని దండం పెట్టుకుని ఉంటారు?

మామ్మ మాట విన్నాక మేము భద్రాచల రామదాసు కథ మళ్లీ చదివాం. ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. ఊరు నేలకొండపల్లి, ఇప్పటి ఖమ్మం జిల్లాలో ఉంది. గోల్కొండ నవాబు తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారుకు కట్టాల్సిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడని ఆయనను గోల్కొండ కోటలో బంధించారు. పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని చెబుతారు. ఆ గది ఇప్పటికీ కోటలో చూపిస్తారు. (అనుమతి లేకుండా సర్కారు సొమ్ము ఖర్చుపెట్టడం తప్పు కాదా అని మాలో ఒకరు అడిగారు. తప్పే. కానీ ఇక్కడ మనం చూడాల్సింది ఆ తర్వాతి సంగతి.)

చెరలో ఆయన పాడిన కీర్తనల్లో వినయంగా వేడుకున్నవి ఉన్నాయి. గట్టిగా దెబ్బలాడినవీ ఉన్నాయి. ఒకదాంట్లో సీతమ్మకు చేయించిన పతకంతో సహా ఒక్కొక్క నగా పేరుపెట్టి లెక్క చెబుతాడు. ఇవన్నీ ఎవరి సొమ్ముతో పెట్టుకుని తిరుగుతున్నావని రాముణ్ణే నిలదీస్తాడు. ఆ వెంటనే, దెబ్బలకు తాళలేక అన్నాను, మనసులో పెట్టుకోకు అని బతిమాలుకుంటాడు. ఆ కోపాన్ని మన పెద్దలు తప్పుగా ఎంచలేదు. మూడు వందల ఏళ్లకు పైగా ఆ పాటను గుళ్లలోనే పాడుతున్నారు.

పోతన భాగవతంలోని గజేంద్రుడూ అంతే. మొసలి నోట చిక్కి బలమంతా పోయాక, దేవుడనేవాడు అసలు ఉన్నాడా లేడా అని సందేహపడతాడు. విచిత్రమేమిటంటే ఆ సందేహం కూడా ప్రార్థన మధ్యలోనే వస్తుంది. సందేహం వచ్చిందని పిలవడం ఆపలేదు. అనుమానపడ్డాడని విష్ణువు రావడం మానలేదు.

మేము అర్థం చేసుకున్నది ఇంతే. అమ్మ మీద కోపం వస్తే అమ్మతోనే పోట్లాడతాం, పక్కింటివాళ్లతో కాదు. మనల్ని ప్రేమిస్తుందని తెలుసు కాబట్టే ఆ చనువు. రామదాసు కూడా తనను బంధించిన నవాబును వదిలేసి రాముడితో తగువు పెట్టుకున్నాడు. తిడుతున్నంతసేపూ ఎదురుగా ఆయన ఉన్నాడనే కదా నమ్మకం! మామ్మ కూడా "దేవుడు లేడు" అనలేదు. "నన్నేం చూశాడు" అంది.

మరుసటి నవమికి మళ్లీ ఆవిడ ఇంటికి వెళ్లాం. ఈసారి పరీక్షల మాట ఎత్తలేదు. రామదాసు నగల లెక్క అడిగిన సంగతి చెప్పాం. మామ్మ కాసేపు గోడమీది రాముడి పటం వైపు చూసింది. "అడగొద్దూ మరి! బాగా అడిగాడు" అంది. గ్లాసు తీసుకుని, పానకంలో మిరియాలు తక్కువయ్యాయని మమ్మల్ని కోప్పడింది.