ఒక్క క్షణం ఆగి చెప్పండి

ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీని ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? ప్రకాశం, గుంటూరు పల్లెల్లో సంక్రాంతికీ, తిరునాళ్లకీ జరుగుతుంది. గడువు ముగియగానే టేపు పట్టుకున్న పెద్దమనిషి బండ దగ్గర వంగి, ఎన్ని అడుగులు ఎన్ని అంగుళాలో కొలిచి చెబుతాడు. ఎడ్లను కన్నబిడ్డల్లా మేపిన యజమాని ఎదురుగా ఉంటాడు, అతని వెనక ఊరంతా ఉంటుంది. అయినా ఆ మాటకు తిరుగుండదు. జత కదిలినప్పటి నుంచి ఆయన బండ పక్కనే నడిచాడు, అందరూ చూస్తుండగా కొలిచాడు. నమ్మకం అక్కడ పుట్టింది.

కాలేజీ బేస్‌బాల్ అంపైరింగ్ శిబిరానికి వెళ్లాలనుకునే మన కుర్రాళ్లూ అమ్మాయిలూ సంపాదించాల్సింది ఆ నమ్మకమే. దానికి తయారీ శిబిరంలో మొదలైతే ఆలస్యమైనట్టే. ఇంటి దగ్గరే మొదలుకావాలి.

సాఫ్ట్‌బాల్ ఆడినవాళ్లు కాస్త ధీమాగా ఉంటారు. ఆ ధీమా పక్కన పెట్టండి. సాఫ్ట్‌బాల్‌లో ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి 60 అడుగులు, బేస్‌బాల్‌లో 90. అక్కడ బంతిని చెయ్యి కిందినుంచి తిప్పి వేస్తారు, ఇక్కడ భుజం మీదుగా విసురుతారు. రూల్స్ పుస్తకం మొదటి పేజీ నుంచి చదవాల్సిందే. ఒంటరిగా చదివితే తలకెక్కదు. స్నేహితుణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. అతను ఒక సందర్భం చెప్పాలి, మీరు తీర్పు చెప్పాలి. రన్నర్‌కి ఫీల్డర్ అడ్డొస్తే ఏమిటి, ఫీల్డర్‌కి రన్నర్ అడ్డొస్తే ఏమిటి? ఇన్‌ఫీల్డ్ ఫ్లై ఎప్పుడు వర్తిస్తుంది? తడుముకున్న ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

ఇక మైదానం. వేసవికల్లా కాయ మిర్చి యార్డుకి వెళ్లిపోతుంది, కల్లాలు ఖాళీ అవుతాయి. అంతకన్నా మంచి సాధన స్థలం ఏముంది? ముగ్గుపిండితో 17 అంగుళాల వెడల్పున హోమ్ ప్లేట్ గీయండి. అక్కడి నుంచి 60 అడుగుల 6 అంగుళాల దూరంలో పిచర్ నిలబడే చోటు. 66 అడుగుల క్రికెట్ పిచ్ కన్నా కొంచెం తక్కువే, అందుకే మన కంటికి ఆ దూరం త్వరగా అలవాటవుతుంది. స్ట్రైక్ కావాలంటే బంతి ప్లేటు మీదుగా రావాలి. మోకాలి చిప్ప కింద గుంట కింది హద్దు. భుజాల పైభాగానికీ ప్యాంటు నడుముపట్టీకీ సరిగ్గా నడిమి గీత పై హద్దు. ఈ ఎత్తు బ్యాటర్‌ని బట్టి మారుతుంది, వెడల్పు మాత్రం మారదు. స్నేహితులు బంతులు వేస్తుంటే రోజుకి వంద చూడండి. మాస్కూ, ఛాతీ కవచమూ లేకుండా క్యాచర్ వెనక నిలబడొద్దు. అవి దొరక్కపోతే వల వెనక నుంచి చూడండి.

చూడటం అంటే ఏమిటో, కల్లం ఖాళీ కాకముందు అక్కడ తాలు కాయలు ఏరే ఆడకూలీలను చూసి నేర్చుకోవచ్చు. కన్ను కాయ మీద నిలుస్తుంది, రంగు పోల్చుకుంటుంది, ఆ తర్వాతే చెయ్యి కదులుతుంది. తొందరపడితే మంచికాయ తాలులో పడుతుంది, రైతు నష్టపోతాడు. అంపైర్ కూడా అంతే. తల కదపకుండా బంతిని గ్లవ్‌లో పడేదాకా చూడాలి. పడ్డాక ఒక్క క్షణం ఆగాలి. అప్పుడు చెప్పాలి. కొత్తవాళ్ల తప్పుల్లో ఎక్కువ భాగం ఆ క్షణం ఆగకపోవడం వల్ల వచ్చేవే అని నా నమ్మకం. ఫస్ట్ బేస్ దగ్గర చెవికీ పని ఉంది. రన్నర్ కాలు బేస్‌ను తాకడం కంటితో చూడాలి, బంతి గ్లవ్‌లో పడిన చప్పుడు చెవితో వినాలి. మరీ దగ్గరికి పరుగెత్తడం కన్నా సరైన కోణంలో నిలబడటమే మేలు.

ఇంత చేసినా తప్పు జరుగుతుంది. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో ఆర్మాండో గలరాగా అనే పిచర్ వరసగా 26 మందిని అవుట్ చేశాడు. ఇంకొక్కడు అవుటైతే పర్‌ఫెక్ట్ గేమ్. ఏ పిచర్‌కైనా అది జీవితకాలపు కల. ఫస్ట్ బేస్ దగ్గరున్న అంపైర్ జిమ్ జాయిస్ ఆ 27వ వాణ్ని సేఫ్ అన్నాడు. ఆట అయ్యాక రీప్లే చూస్తే అవుటే. జాయిస్ సాకులు వెతకలేదు. తప్పు తనదేనని విలేకరుల ముందు ఒప్పుకున్నాడు, గలరాగాకి కన్నీళ్లతో క్షమాపణ చెప్పాడు. మర్నాడు మళ్లీ మైదానంలోకి వచ్చాడు, ఈసారి హోమ్ ప్లేట్ వెనక. జట్టు జాబితాను గలరాగానే తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. అదే నెలలో ఈఎస్‌పీఎన్ పత్రిక వందమంది ఆటగాళ్లను అడిగితే, ఉత్తమ అంపైర్‌గా జాయిస్‌కే ఎక్కువ ఓట్లు పడ్డాయి.

తీర్పు చెప్పే పని మన నేలకు కొత్త కాదు. 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకి తటస్థ అంపైర్లుగా నిలిచిన ఇద్దరిలో ఒకరు హైదరాబాద్‌కి చెందిన వి.కె. రామస్వామి. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో ఐసీసీ తొలి మహిళా మ్యాచ్ రిఫరీ అయ్యారు. అమెరికాలో జెన్ పావోల్ 2025 ఆగస్టులో మేజర్ లీగ్ బేస్‌బాల్ రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌కి నిలిచిన తొలి మహిళా అంపైర్ అయ్యారు. కాబట్టి అమ్మాయిలూ, ఈ పని మీది కాదని ఎవరైనా అంటే ఈ పేర్లు చెప్పండి.

ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. మన ఎండ ఎలాంటిదో రెంటచింతల పేరు విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ప్రతి బంతికీ వంగి లేవాలంటే తొడల్లో సత్తువ కావాలి. పొద్దున్నే గుంజీళ్లు తీయండి, మజ్జిగ తాగండి, రాత్రి త్వరగా పడుకోండి.

సంచిలో విజిల్ మాత్రం పెట్టుకోవద్దు. కబడ్డీలో ఉంటుంది గానీ, బేస్‌బాల్ అంపైర్‌కి విజిల్ ఉండదు, గొంతే ఉంటుంది. ఈ సాయంత్రమే పొలం గట్టు మీదికి వెళ్లి, అవతలి గట్టు మీదివాళ్లకి వినపడేలా ‘స్ట్రైక్’ అని అరవడం మొదలుపెట్టండి.