పూచీ లేని ధనము

విద్యార్థులారా! క్రిప్టో నాణెముల మాట నేడు పల్లెలయందును వినబడుచున్నది. చేతిలోని ఫోనుతో క్షణమాత్రమున వానిని కొనవచ్చును గనుక, వాని స్వరూపమెట్టిదో, అందలి అపాయమెట్టిదో ముందుగా నెరుంగుట యుక్తము.

సతోషి నకమోటో అను మారుపేరుతో 2008 వ సంవత్సరమున వెలువడిన యొక వ్యాసము బిట్‌కాయిన్ పద్ధతిని వివరించెను. 2009 జనవరిలో అది అమలులోనికి వచ్చెను. ఈ నాణెము లోహము కాదు, కాగితమును కాదు. అనేక కంప్యూటరులయందు ఏకరీతిగా నుండు చిట్టాలోని పద్దు మాత్రమే. ఒక రహస్య సంకేతము గలవాడే ఆ పద్దును ఇతరుల పేర మార్పగలడు. ఆ సంకేతము పోయినచో అర్జీ పెట్టుకొనుటకు ఏ కచేరియు లేదు.

ఇందు మొదట అడుగదగిన ప్రశ్న యొకటి కలదు: దీనికి పూచీ ఎవరు? మన పది రూపాయల నోటుపై ఆ మొత్తము చెల్లింతునను రిజర్వు బ్యాంకు గవర్నరు వాగ్దానము కలదు. బ్యాంకు దివాలా తీసినను, 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క డిపాజిటుదారునకు 5 లక్షల రూపాయల వరకు బీమా కలదు. పొలము కొన్నవానికి పంటయైనను దక్కును. బిట్‌కాయినునకు ఇట్టి పూచీయు లేదు, ఫలసాయమును లేదు. రేపు మనకంటె నెక్కువ యిచ్చి కొనువాడు దొరకుననెడి నమ్మకముపైననే దాని ధర నిలిచియున్నది.

ఆ నమ్మకము సడలిననాడు ఏమగునో చూడుడు. 2021 నవంబరులో దాదాపు 69,000 డాలర్లు పలికిన బిట్‌కాయిన్, 2022 నవంబరులో 16,000 డాలర్లకు దిగెను. అనగా నూరు రూపాయలు పెట్టినవానికి 23 రూపాయలు మిగిలెను. ఆ ధర మరల పెరిగి 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటినమాట నిజమే. కాని అప్పు తెచ్చి కొన్నవానికొరకు అప్పిచ్చినవాడు మూడేండ్లు ఆగునా? కూతురి పెండ్లి ఆగునా? కళాశాల జీతము ఆగునా?

అన్ని నాణెములును మరల లేవలేదు. ఎల్లప్పుడు ఒక డాలరు విలువ నిలుపుకొనునని చెప్పబడిన టెర్రా నాణెము 2022 మే నెలలో కూలెను. దానిని దాచుకొన్నవారికి సాలునకు నూటికి దాదాపు 20 వంతున వడ్డీ చూపబడియుండెను. దానికి ఆధారమైన లూనా నాణెము 80 డాలర్లనుండి కొలదిదినములలోనే డాలరులో నూరవవంతునకంటెను తక్కువ ఆయెను. ఆ యేటనే నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అను పెద్ద క్రయవిక్రయశాల దివాలా తీసెను. ఖాతాదారుల సొమ్మును అపహరించెనని తేలినందున, దాని స్థాపకుడైన శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్‌నకు 2024 మార్చిలో అమెరికా న్యాయస్థానము 25 ఏండ్ల చెరసాల విధించెను.

మన దేశమున ప్రభుత్వము పన్ను తీసికొనుచున్నది గనుక ఇది క్షేమమని కొందరు తలంతురు. అది పొరపాటు. 2022 ఏప్రిల్ 1 నుండి ఇట్టి లాభముపై నూటికి 30 వంతున పన్ను కలదు. ఒక నాణెముపై వచ్చిన నష్టమును మరియొక దాని లాభమునుండి తీసివేయుటకు వీలులేదు. కావున ఒకదానిపై 10,000 రూపాయలు లాభించి, వేరొకదానిపై 10,000 నష్టపోయినవాడు, చేతికేమియు రాకున్నను, 3,000 రూపాయల పన్ను చెల్లింపవలెను. పన్ను వసూలు చేయుట వేరు, పూచీపడుట వేరు.

తలిదండ్రులకు మనవి: తప్పక లాభము వచ్చునని ఎవరైన మాట యిచ్చినచో, దానినే మొదటి అపాయసూచనగా నెంచుడు. విత్తనముల సొమ్ము, వైద్యమునకు దాచిన సొమ్ము, అప్పు తెచ్చిన సొమ్ము ఇందు పెట్టకుడు. పూర్తిగ పోయినను ఇంటి పొయ్యి ఆరనంత మాత్రమే పెట్టదగును. అట్టి మిగులు లేనివారు పెట్టకుండుటయే మేలు.

అభ్యాసము
1. 23 రూపాయలు మరల 100 కావలెనన్న ఎన్ని యింతలు కావలెను?
2. నోటు, బ్యాంకు డిపాజిటు, పొలము, బిట్‌కాయిన్: వీనిలో దేనికి ఎవరు పూచీ? ఇంటివద్ద పెద్దలతో చర్చించి వ్రాయుడు.