కారు దిగకు నాన్నా

అరోరా, ఫిబ్రవరి 24

వంశీ,

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. రెండు రోజుల్లో పదకొండు చోట్లు! ఇసుక తిన్నెలు, వేడినీటి కొలను, హూపర్ దగ్గర ఎగిరే పళ్లేల కోసం కట్టిన మంచె, మొసళ్ల ఫారం. వీటి మధ్యలో ఎక్కడో ‘క్రేన్స్: 45 నిమిషాలు’. తిరపతి వెళ్లి గుండు చేయించుకుని, దర్శనానికి టైము లేదని కొండ దిగొచ్చినట్టుంది. ఫోన్లో చెబితే “సరే పెద్దమ్మా” అని పెట్టేస్తావు గనక రాస్తున్నాను.

శనివారం తెల్లవారుజామున ఆ క్రేన్ పక్షుల దగ్గర ఒక్కచోట రెండు గంటలు కూర్చో. దాని కోసం ఏం కొట్టేస్తావో నీ ఇష్టం. నన్నడిగితే ముందు మొసళ్లని కొట్టేస్తాను. చేపల చెరువుల్లో చచ్చిన చేపల్ని తినిపెడతాయని తెచ్చి పెంచిన మొసళ్లవి. కైకలూరు వాళ్లం, మనకి చేపల చెరువులు చూపించాలా?

దారి సంగతి. 285 హైవే మీద డెన్వర్ నుంచి మాంటే విస్టాకి నాలుగు గంటలు అనుకో, మంచు పడితే ఎంతో చెప్పలేం. కెనోషా పాస్ పదివేల అడుగులు. అది దిగాక సౌత్ పార్క్ మైదానంలో ఎండ కాస్తున్నా గాలి మంచుని తెచ్చి రోడ్డు మీద పోస్తుంది, అక్కడ వేగం తగ్గించు. పాంచా స్ప్రింగ్స్‌లో పెట్రోలు నింపేయి, ట్యాంకు సగం ఉన్నా సరే. పాంచా పాస్ దాటి దిగుతుంటే కొండలు రెండువైపులకీ తప్పుకుని లోయ పరుచుకుంటుంది. ఎడమన సాంగ్రె దె క్రిస్టో, కుడిన సాన్ వాన్, మధ్యలో బల్లపరుపు నేల. ఆ నేలే ఏడువేల ఆరువందల అడుగుల ఎత్తు. తలనొప్పి వస్తే నీళ్లు తాగు, కాఫీ కాదు. పొద్దు వాలాక లేళ్లు రోడ్డు మీదికి వస్తాయి, చీకటి పడేలోగా గది చేరుకోండి. ఆ వారాంతంలో అక్కడ ఈ పక్షుల పండగ చేస్తారు గనక గది ఖాయమైందో లేదో ముందురోజు ఫోన్ చేసి కనుక్కో. ఒకసారి మా గది వేరేవాళ్లకి ఇచ్చేశారు. నేనూ మీ పెదనాన్నా రాత్రంతా కారులోనే. ఏ హోటలో ఎందుకులే.

ఆ లోయలో ఏడాదికి ఏడెనిమిది అంగుళాల వానే పడుతుంది. మన అనంతపురంలో దానికి మూడింతలు. అలాంటి చోటికి 20 వేలకు పైగా నీటిపక్షులు ఎందుకొస్తాయి? కొండల మీది మంచు కరిగి వచ్చే నీళ్లు, భూమిలోంచి తోడే నీళ్లు, వాటిని మళ్లించి మడుగులు కట్టే మనుషులు. 1952లో పెట్టిన పక్షుల రెఫ్యూజ్ అది, మాంటే విస్టాకి దక్షిణంగా ఆరు మైళ్లు. రెఫ్యూజ్ వాళ్లు బార్లీ పైరు వేయించి, కోయకుండా ఉంచి, ఇవి వచ్చాక కొంచెం కొంచెంగా కోసి నేల మీదే వదిలేస్తారు. న్యూ మెక్సికోలో చలికాలం గడిపి, పిల్లల్ని కనడానికి ఐడహో, మోంటానా వైపు పోయే శాండ్‌హిల్ క్రేన్లు ఇక్కడ ఆగి ఒళ్లు చేసుకుంటాయి.

కొంగలు అనకు వాటిని. కొంగ ఎగిరేటప్పుడు మెడ మడుచుకుంటుంది, ఇవి బారుగా చాస్తాయి. తాతయ్య బెగ్గురులు అనేవాడు చూడు, ఆ జాతి.

ఐదున్నరకల్లా మడుగు పక్కన కారు ఆపి ఇంజను కట్టేయి. సున్నాకి పది డిగ్రీలు కింద ఉన్నా హీటరు వద్దు. అద్దం దించితే వేడిగాలి బయటికి పోతూ బైనాక్యులర్స్‌లో బొమ్మంతా అలలాడుతుంది. అందుకే రగ్గులు, ఫ్లాస్కులో టీ. పులిహోర మాత్రం వద్దు, ఆ చలికి మెతుకులు పలుకులైపోతాయి. నాకు తెలిసొచ్చింది.

ముందు ఏమీ కనపడదు, వినపడుతుంది. గొంతులో ఏదో దొర్లుతున్నట్టు కూత. వాటి శ్వాసనాళం రొమ్ముటెముకలో చుట్ట చుట్టుకుని ఉంటుంది, అందుకే ఆ కూత మైళ్ల దూరం పోతుంది. కాస్త వెలుగొచ్చాక మోకాళ్ల లోతు నీళ్లలో బూడిదరంగు దుంగలు పాతినట్టుంటాయి. నక్కల్లాంటి కొయోటీలు నీళ్లలో దిగితే చప్పుడవుతుందని ఈ పక్షులు రాత్రంతా అలా నిలబడతాయి. పొద్దెక్కాక గుంపులు గుంపులుగా లేచి పొలాల మీదికి పోతాయి.

ఇక నేను చేసిన పని విను. మొదటిసారి వెళ్లినప్పుడు ఫోటో కోసం కారు దిగి, పొలం గట్టు దాటి నాలుగడుగులు ముందుకేశాను. దగ్గరి పక్షులు మేత ఆపి మెడలు నిటారుగా ఎత్తాయి. అదే హెచ్చరిక, నాకు తెలియలేదు. ఇంకో రెండడుగులు. పొలమంతా లేచిపోయింది. పక్క కారు దగ్గర ఒక ముసలావిడ టెలిస్కోపు పెట్టుకుని ఉంది. నన్ను ఒక్కమాట అనలేదు. దానికి మూత పెట్టి, కాళ్లు మడిచి, వెనక సీట్లో పెట్టుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

కారులో ఉంటే వాటికి నువ్వొక పెద్ద రాయివి. దిగితే మనిషివి. కదలకుండా ఉంటే అవే నీ దగ్గరికి మేసుకుంటూ వస్తాయి. అప్పుడు ఒక్క జంటని పట్టుకుని చూడు. నుదుట ఎర్రగా ఉండేది ఈకలు కాదు, ఉత్త చర్మం. ఉన్నట్టుండి ఒకటి మట్టిగడ్డనో గడ్డిపోచనో ముక్కుతో పైకి విసిరి, రెక్కలు విప్పి గెంతుతుంది. రెండోది తలవంచి తనూ గెంతుతుంది. వాటి పక్కన ఎరుపు లేని గోధుమరంగు తలతో మూడోది ఉందేమో చూడు, పోయిన వేసవి పిల్ల. తల్లిదండ్రులంత ఎత్తు పెరిగినా గొంతు మాత్రం ఇంకా సన్నటి ఈలే. ఆ హోరులో ఆ ఈల విడిగా వినపడితే నీ చెవి కుదిరినట్టే.

ఇంకో కథ. 1975 నుంచి ఐడహోలో వీటి గూళ్లలో హూపింగ్ క్రేన్ల గుడ్లు పెట్టారు. అంతరించిపోతున్న తెల్ల బెగ్గురులు అవి. పెంపుడు తల్లులు చక్కగా పెంచాయి, ఈ లోయ మీదుగా దారి కూడా నేర్పాయి. కానీ ఆ తెల్లవి తామూ బూడిదవాళ్లమే అనుకున్నాయి, తమ జాతితో జతకట్టలేదు. 1989లో గుడ్లు పెట్టడం మానేశారు. కాకి గూట్లో పెరిగినా కోయిల కోయిలలాగే కూస్తుంది, వీటికి అది చేతకాలేదు. మా పిల్లల తెలుగు గురించి నేనేమీ అనడం లేదు, నువ్వూ అనకు.

బెగ్గురులు వెళ్లాక మడుగులో బాతులు మిగులుతాయి. సన్నగా పొడుగు తోకవి కనిపిస్తే అవి సూదితోక బాతులు. కొల్లేటికి చలికాలంలో వచ్చేవీ అవే జాతి. అవి ఆసియా ఉత్తరాన్నుంచి వస్తాయి, ఇవి ఇక్కడివి. అయినా మొదటిసారి చూసినప్పుడు మీ పెదనాన్నని మోచేత్తో పొడిచి “మనూరివే” అన్నాను. ఆయన చాలాసేపు బైనాక్యులర్స్ దించలేదు.

ఆ బైనాక్యులర్సే నీకిస్తాను. శుక్రవారం వెళ్తూ ఇటు రండి, నలుగురికీ ఉన్ని సాక్సులు కూడా తీసిపెట్టాను. మధ్యన తిప్పే చక్రం కాస్త బిగుసుకుంది, బలవంతాన తిప్పకు.

పెద్దమ్మ