పావుగంటలో ఎంత బొమ్మ?

వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో భయం ఎప్పుడూ ప్రతినాయకుడే. దాన్ని గెలవమంటారు, తరిమికొట్టమంటారు. కాబూల్ గోడల మీద బొమ్మలేసిన షమ్సియా హసానీ గురించి తెలుసుకున్నాక ఆ సలహా మీద నాకు నమ్మకం కాస్త సడలింది. ఆమె భయాన్ని జయించినట్టు నాకెక్కడా కనిపించలేదు. భయం ఎంతుందో లెక్క వేసుకుంది, ఆ లెక్కకు తగ్గట్టు పని కొలతలు మార్చుకుంది.

షమ్సియా 1988లో టెహరాన్‌లో పుట్టింది. తల్లిదండ్రులది కాందహార్. యుద్ధం తరిమితే ఇరాన్ చేరిన లక్షలాది అఫ్గాన్ కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. బడిలో ఉన్నప్పుడే బొమ్మలు నేర్చుకోవాలనుకుంది. అఫ్గాన్ పిల్లవి, ఇక్కడ ఆ చదువు కుదరదన్నారు. 2005లో కుటుంబం కాబూల్ వెళ్లాక అక్కడి విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివింది, తర్వాత అక్కడే పాఠాలూ చెప్పింది. 2010లో చూ అనే బ్రిటిష్ కళాకారుడు కాబూల్ వచ్చి గ్రాఫిటీ నేర్పినప్పుడు ఆ శిబిరంలో చేరింది. స్ప్రే డబ్బా చేతికొచ్చింది అలాగే.

అసలు కష్టం గోడ దగ్గర మొదలైంది. కుదురుగా వేస్తే ఒక బొమ్మకు రెండు మూడు గంటలు పడుతుంది. కాబూల్ వీధిలో ఒక ఆడపిల్ల అంతసేపు గోడ ముందు నిలబడితే ముందు తిట్లు వస్తాయి. ఎప్పుడు ఎక్కడ బాంబు పేలుతుందో తెలియని ఊరు కూడానూ. అందుకని పావుగంటలో ఎంతవుతుందో అంతే వేసి, మిగిలింది వదిలేసి వచ్చేసేది.

పావుగంట అంటే ఏమిటో కాస్త ఆలోచించండి. స్ప్రే రంగు కుంచె మాట విన్నట్టు వినదు. డబ్బా గోడకు మరీ దగ్గరగా పెడితే రంగు కారిపోతుంది, దూరం జరిగితే పొగలా చెదిరిపోతుంది. ఆ గోడల్లో కొన్ని తూటాల గుంతలతో ఎగుడుదిగుడుగా ఉన్నవి. దిద్దుకునే తీరిక లేదు, గీత ఒక్క ఊపులో పడాలి. ఆమె బొమ్మల్లో కోణాలు కోణాలుగా సాగే ఆ పదునైన గీతలు ఈ తొందరలోనే రాటుదేలాయేమోనని నా అనుమానం.

వీధిలోకి అసలే వెళ్లలేని రోజులకు ఇంకో దారి వెతుక్కుంది. కాబూల్ వీధుల ఫోటోలు తీసుకుని, ఆ ఫోటోల్లోని గోడల మీద బొమ్మ వేసేది, ఒక్కోసారి కుంచెతో, ఒక్కోసారి కంప్యూటర్‌లో. ఆ వరుసకు ‘కలల గ్రాఫిటీ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఇదేం వీధి చిత్రం అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. విరవనివ్వండి. చెయ్యి మాత్రం ఆగలేదు కదా.

ఆమె బొమ్మల్లో దాదాపు ఎప్పుడూ ఒకే అమ్మాయి ఉంటుంది. కళ్లు మూసి ఉంటాయి, నోరు ఉండదు. కళ్లు మూసుకున్న స్త్రీ అనగానే మనకు గాంధారి గుర్తొస్తుంది, అయితే ఈ అమ్మాయి పక్కన భర్త ఉండడు, చేతిలో చాలాసార్లు ఏదో వాద్యం ఉంటుంది. నోరు లేని పిల్లకు అదే గొంతు. మొదట్లో బుర్ఖా వేసుకున్న స్త్రీలను కూడా గీసింది, అదీ గోడ పట్టనంత పెద్దగా, కదులుతున్నట్టుగా. బుర్ఖా తీసేస్తే చాలు, ఆడవాళ్ల కష్టాలన్నీ తీరిపోతాయనుకోవడం ఆమెకు నచ్చదు. బయటివాళ్లు వినాలనుకునే మాట చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం తేలికే, ఆమె ఆ పని చేయలేదు. ఆమెలో నాకు ధైర్యంగా తోచింది ఇదే, వీధిలో నిలబడటం కంటే కూడా.

మన సంగతికి వద్దాం. పిల్లలు పెద్దవాళ్లయ్యాక వీణ మళ్లీ పడతానని, రిటైరయ్యాక కథలు రాస్తానని అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. వాళ్లను బద్ధకస్తులనడం అన్యాయం. కాబూల్ కష్టంతో మన కష్టాన్ని తూచడం కూడా తప్పే. నేనడిగేది చిన్న ప్రశ్న: ఇప్పుడు నిజంగా దొరికేది పావుగంటే అయితే, ఆ పావుగంటలో పట్టే పని ఏది? గంట సాధన చేయలేనివాళ్లు ఒక్క గమకాన్నే పట్టుకోవచ్చు. నవల అనుకున్నవాళ్లు అమ్మమ్మ మాట్లాడే తీరు ఒక పేజీలో పెట్టొచ్చు. అది సగంలో ఆగినా ఏం కొంప మునగదు. సగం బొమ్మలు వదిలేసి ఇల్లు చేరిన మనిషి గురించే కదా చెప్పుకుంటున్నాం.

2021 ఆగస్టులో తాలిబాన్లు కాబూల్‌లోకి వచ్చారు. ఆ రోజుల్లో షమ్సియా ఆన్‌లైన్‌లో పెట్టిన బొమ్మల్లో ఒకదాంట్లో ఆ అమ్మాయే, పియానో మెట్లను గుండెకు హత్తుకుని, వెనక తుపాకులు పట్టిన మనుషుల నీడలు. అవి ప్రపంచమంతా తిరిగాయి. వీధి దొరకని రోజుల కోసం ఏళ్ల కిందట చేసుకున్న ఏర్పాటు, ఊరే చేజారినప్పుడు అక్కరకొచ్చింది.